విశాఖ నుంచి అల్ట్రాలైట్‌లో ఎంత దూరం

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి మధురపూడిలో ఉన్న రాజమహేంద్రవరం విమానాశ్రయానికి నేరుగా గీత గీస్తే సుమారు 160 కిలోమీటర్లు. ఒకరిద్దరు మాత్రమే కూర్చునే అతి తేలిక విమానం అల్ట్రాలైట్. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో ఎగిరే అటువంటి విమానానికి గాలి స్తంభించిన రోజున ఇది గంటా నలభై ఏడు నిమిషాల ప్రయాణం. అదే దారిలో గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే నేల మీద సాగే వేగం 60కి పడిపోయి, ప్రయాణం రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ గాలే వాలుగాలి అవుతుంది కనుక పోయిన సమయం పూర్తిగా చేతికి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రాదు. వాలుగాలిలో తిరుగు ప్రయాణం గంటా ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది, రానూపోనూ కలిపితే నాలుగు గంటలు అవుతుంది. గాలి లేని రోజున మొత్తం మూడు గంటల ముప్ఫై మూడు నిమిషాలే. ఎదురుగాలిలో ఎక్కువ సేపు, వాలుగాలిలో తక్కువ సేపు గడపవలసి రావడమే ఈ తేడాకు కారణం.

ఇప్పుడు ఇంధనం సంగతి చూడాలి. ట్యాంకులో 45 లీటర్లు పడతాయనీ, ఇంజన్ గంటకు 15 లీటర్లు తాగుతుందనీ అనుకుంటే మొత్తం మూడు గంటల బలం. అందులో ముప్పావుగంటకు సరిపడే ఇంధనాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ముట్టకూడని నిల్వగా పక్కన పెడితే, వాడుకోవడానికి మిగిలేది రెండుంబావు గంటలు. అంటే గాలి లేని రోజున రాజమహేంద్రవరం హాయిగా అందుతుంది, 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్న రోజున అందదు. విమానం మారలేదు, ట్యాంకు మారలేదు, ఊళ్ళ మధ్య దూరమూ మారలేదు. పెద్ద విమానానికి 30 కిలోమీటర్ల ఎదురుగాలి వల్ల కొద్ది నిమిషాల ఆలస్యమవుతుంది, అంతకు మించి ఏమీ కాదు. అల్ట్రాలైట్‌కు అది తన వేగంలో మూడో వంతు. ఈ తరగతి విమానాల దూరప్రయాణం గురించి ఏది మాట్లాడినా చివరికి ఈ భిన్నం దగ్గరికే రావలసి ఉంటుంది.

అల్ట్రాలైట్ అనే మాటకు అన్ని దేశాల్లో ఒకే అర్థం లేదు. అమెరికాలో 1982లో వచ్చిన నియమం ప్రకారం అది ఒక్క మనిషి కూర్చునే, ఖాళీ బరువు సుమారు 115 కిలోలకు లోబడిన, ట్యాంకులో 19 లీటర్లకు మించి ఇంధనం పట్టని, గంటకు 102 కిలోమీటర్ల వేగం దాటని యంత్రం. దానికి పైలట్ లైసెన్సు కూడా అక్కర లేదు. యూరప్‌లో ఈ తరగతికి రెండు సీట్లు, చాలాకాలం పాటు 450 కిలోల గరిష్ఠ బరువు పరిమితిగా ఉండేవి. 2018 తర్వాత 600 కిలోల వరకు అనుమతించుకునే వీలు ఆయా దేశాలకు కలిగింది. భారతదేశంలో వాడుకలో ఉన్న పేరు మైక్రోలైట్. ఇక్కడ దానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, నడిపేవారికి లైసెన్సు ఉండాలి. ఒకే పేరు కింద గంటకు 90 కిలోమీటర్లు పోయే గుడ్డరెక్కల త్రికోణ యంత్రమూ, 200 దాటి పోయే మిశ్రమ పదార్థాల విమానమూ రెండూ వస్తాయి కాబట్టి, ఎవరైనా అల్ట్రాలైట్‌లో వెయ్యి కిలోమీటర్లు పోయారని విన్నప్పుడు ఏ రకం విమానమో అడగడం అవసరం. ఎన్‌సీసీ వైమానిక విభాగంలో క్యాడెట్లు ఎగిరే వైరస్ ఎస్‌డబ్ల్యూ 80 రెండో రకానిది.

ఈ రెండు రకాలతోనూ భూమిని చుట్టివచ్చినవారు ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన బ్రయాన్ మిల్టన్ 1998లో గుడ్డరెక్కల మైక్రోలైట్‌లో 120 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టారు. 2000లో కాలిన్ బోడిల్ అదే రకం యంత్రంలో ఒంటరిగా 99 రోజుల్లో పూర్తి చేశారు. 2007లో భారత వైమానిక దళానికి చెందిన వింగ్ కమాండర్లు రాహుల్ మోంగా, అనిల్ కుమార్ హిండన్ నుంచి జూన్ 1న బయలుదేరి, సీటీఎస్‌డబ్ల్యూ అనే మైక్రోలైట్‌లో సుమారు 40 వేల కిలోమీటర్లు తిరిగి, 80 రోజుల్లో వెనక్కు చేరుకున్నారు. అంతకు ముందు, 1988లో, పారిశ్రామికవేత్త విజయ్‌పత్ సింఘానియా బ్రిటన్ నుంచి భారతదేశానికి మైక్రోలైట్‌లో ఒంటరిగా 23 రోజుల్లో వచ్చారు. 2019 మే నెలలో ఆరోహి పండిత్ సైనస్ అనే తేలికపాటి విమానంలో స్కాట్లాండ్ నుంచి ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ మీదుగా కెనడా చేరి, ఆ తరగతి విమానంలో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన తొలి మహిళ అయ్యారు.

ఈ అంకెల్లో ఎక్కువమంది గమనించని విషయం ఒకటి ఉంది. 40 వేల కిలోమీటర్లను గంటకు 200 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే 200 గంటలు వస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు ఎగిరినా 25 రోజులు చాలు. కానీ ప్రపంచంలోకెల్లా బాగా తర్ఫీదు పొందిన పైలట్లలో ఇద్దరికి, వెనుక ఒక వైమానిక దళం అండ ఉండగా, 80 రోజులు పట్టింది. మిగిలిన కాలమంతా వాతావరణం తేటపడే దాకా ఆగడానికి, అనుమతులకు, ఇంజన్ పనులకు, విశ్రాంతికి పోయేదే. ఎగరని రోజును వృథాగా లెక్కించే స్వభావం ఉన్నవారికి ఈ విద్య సరిపడదు. దూరప్రయాణంలో ప్రధాన నైపుణ్యం ఆగడమే అంటే అతిశయోక్తి కాదు.

విశాఖ విషయానికి వస్తే, ఇక్కడి ఆకాశాన్ని శాసించేవి సముద్రం, కొండలు, నౌకాదళం. విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగా స్థావరంలో ఉంది. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, వాటి మధ్య గిన్నెలాంటి పల్లం, ఆ పల్లంలోనే ఓడరేవు, కర్మాగారాలు, ఊరు. యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొస డాల్ఫిన్స్ నోస్, సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తు. పెద్ద విమానానికి అది లెక్కలోకి రాదు గానీ, నైరుతి గాలి బలంగా వీచే రోజున ఆ కొండ మీదుగా దొర్లి వచ్చే గాలి అవతలివైపున, అంటే రేవు ముఖద్వారం మీద, సుడులు తిరుగుతూ కిందికి దిగుతుంది. 400 కిలోల యంత్రాన్ని అటువంటి గాలి అరచేతిలో పెట్టి కుదిపినట్టు కుదుపుతుంది. కొండకు గాలి తగిలే వైపున ఎగరాలి, గాలి దిగే వైపున దూరంగా ఉండాలి అనేది ఇక్కడ మొదట నేర్చుకోవలసిన పాఠం.

సముద్రం చేసే పని మరింత క్రమబద్ధమైనది. రాత్రి నేల చల్లబడి తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు మెల్లగా కదులుతుంది. పొద్దు పొడిచాక కొంతసేపు దాదాపు నిశ్చలంగా ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ నేల వేడెక్కి, దానిపై గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి పది, పదకొండు గంటల ప్రాంతంలో సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది. కనుక కోస్తాలో అల్ట్రాలైట్‌కు అనువైన సమయం సూర్యోదయం నుంచి తొమ్మిది గంటల వరకు. సాయంత్రం వేడి తగ్గాక మరో గంట, గంటన్నర దొరకవచ్చు. భారతదేశంలో కంటితో చూసి ఎగిరే వీఎఫ్‌ఆర్ విమానాలు సూర్యోదయానికి 20 నిమిషాల ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల వరకే ఎగరవచ్చు. జనవరిలో విశాఖలో ఆరున్నర ప్రాంతంలో తెల్లవారుతుంది. లెక్క చూస్తే రోజుకు మిగిలేవి రెండున్నర, మూడు గంటల మంచి గాలి. ట్యాంకు బలం కూడా సరిగ్గా అంతే ఉండడం యాదృచ్ఛికమే, కానీ మంచి జోడీ.

అయితే ఆ మంచి గంటల్లోనే ఒక చిక్కు ఉంది. శీతకాలపు ఉదయాన గాలి ఎంత ప్రశాంతంగా ఉంటే గిన్నెలాంటి ఆ పల్లంలో పొగ, ధూళి, మంచు అంతగా పేరుకుంటాయి. వీఎఫ్‌ఆర్‌కు కనీసం ఐదు కిలోమీటర్ల చూపు ఆనాలి. ఎనిమిది గంటల దాకా కైలాసగిరి కూడా మసకగానే కనిపించే రోజుల్లో, చూపు తేటపడేసరికి గాలి మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య దొరికే సందు ఒక్కోరోజు గంట, ఒక్కోరోజు సున్నా.

ఇక్కడ ఏ దిక్కుకు పోవాలో కాలమే చెబుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈశాన్యపు గాలులు ప్రబలం కనుక నైరుతి దిశలో ఉన్న తుని, రాజమహేంద్రవరం వైపు పోయేవారికి వాలుగాలి. మార్చి నుంచి నైరుతి గాలి తీరం వెంబడి బలపడుతుంది కనుక అప్పుడు ఉత్తరాన శ్రీకాకుళం వైపు ప్రయాణం తేలిక. కానీ ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక కొండల మీద ఉరుముల మబ్బులు లేస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు రుతుపవనాలు, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖ విమానాశ్రయ భవనానికి ఏమైందో ఈ ఊరివారికి గుర్తు చేయనక్కర లేదు. తెరచాప ఓడల కాలంలో భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఏ నెలలో ఎటు పోవాలో గాలినిబట్టి నిర్ణయించుకునేవారు. పెట్రోలు ఇంజన్ ఉన్నప్పటికీ అల్ట్రాలైట్ పైలట్ ఆలోచన ఆ ఓడ సరంగు ఆలోచనకే దగ్గరగా ఉంటుంది.

ఉత్తరం వైపు దారి కనులకు మహా అందమైనది, దారి కనుక్కోవడానికి కూడా సులువైనది. ఎడమ చేతి వైపు తూర్పు కనుమలు, కుడి చేతి వైపు బంగాళాఖాతం, మధ్యలో ఒకదాని తర్వాత ఒకటిగా ఏటి మొగలు: భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, తర్వాత నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార. మొగలను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పోతే జీపీఎస్ ఆగిపోయినా ఎక్కడున్నదీ తెలుస్తుంది. లోపలి దారిలో అంత ధీమా ఉండదు. దిక్సూచి లెక్కలో ఒక డిగ్రీ తప్పితే 60 కిలోమీటర్ల తర్వాత ఒక కిలోమీటరు పక్కకు పోతారు. ఐదు డిగ్రీల తప్పుకు ఐదు కిలోమీటర్లు, అంటే వెతుకుతున్న ఊరు మసకలో కనబడకుండానే పక్క నుంచి దాటిపోవచ్చు. తీరం వెంబడి ఇంకో జాగ్రత్త పక్షుల విషయంలో అవసరం. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి శీతకాలంలో వలస వచ్చే పెలికాన్లు వేడిగాలి స్తంభాలను పట్టుకుని గుండ్రంగా పైకి లేస్తాయి. అవి లేచే చోట గాలి కూడా లేస్తున్నదని పైలట్‌కు తెలుస్తుంది, అక్కడికి పోకూడదనీ తెలుస్తుంది.

కానీ ఈ అందమైన దారికి ఒక పెద్ద లోపం ఉంది. బరంపురం దగ్గర రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ విశాఖ నుంచి దాదాపు 250 కిలోమీటర్లు, భువనేశ్వర్ 390. గంటకు 90 వేగంతో రంగైలుండకే గాలి లేని రోజున రెండుంబావు గంటల పరిమితి దాటి రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. మధ్యలో శ్రీకాకుళం జిల్లా అంతటా అధికారికంగా దిగి ఇంధనం పోసుకునే చోటు లేదు. అందువల్ల నెమ్మదైన యంత్రానికి ఉత్తరాంధ్ర తీరం, ఎంత మనోహరంగా ఉన్నా, వెళ్ళి తిరిగి వచ్చే దారిగానే ఉంటుంది. ఎక్కడికైనా చేరే దారి కాలేదు. 200 కిలోమీటర్ల వేగం ఉన్న విమానానికి ఈ బాధ లేదు.

అరకు గురించి చాలామంది అడుగుతారు. నేరుగా 77 కిలోమీటర్లే. అయినా దీన్ని పొట్టి దారిగా భావించడం ప్రమాదం. లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, దాని చుట్టూ కొండలు ఇంకా ఎత్తు. 30 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి, రెక్కకూ ఇంజన్‌కూ సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే తోస్తుంది; గాల్లోకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి, ఎత్తు పెంచుకోవడం మందగిస్తుంది. పాత రోజుల్లో పైలట్లు రైలు పట్టాలను చూసుకుంటూ దారి కనుక్కునేవారు. ఇక్కడ కొత్తవలస, కిరండూల్ రైలుమార్గాన్ని నమ్ముకుంటే అది ప్రతి మలుపులోనూ సొరంగంలోకి దూరి మాయమవుతుంది. పట్టాలు కొండ లోపలికి పోగలవు, విమానం పోలేదు. పొద్దున్నే వెళ్దామంటే లోయ నిండా మంచు. మంచు విడిచాక వెళ్దామంటే కొండచరియల మీద గాలి లేస్తూ ఉంటుంది.

దిగవలసి వస్తే ఎక్కడ దిగుతామన్న ప్రశ్న ప్రతి నిమిషం మనసులో ఉండాలి. గుడ్డరెక్కల యంత్రం ఇంజన్ ఆగినా ఒక మీటరు దిగేలోపు సుమారు ఎనిమిది మీటర్లు ముందుకు జారుతుంది. 600 మీటర్ల ఎత్తులో ఇంజన్ ఆగితే ఐదు కిలోమీటర్ల లోపు, మూడున్నర నిమిషాల్లో చోటు దొరకాలి. ఆగస్టులో కోస్తా పొలాలు పచ్చగా, చదునుగా కనిపిస్తాయి, కానీ అవి నీళ్ళు నిలిచిన వరి మడులు. చక్రం దిగిన క్షణంలో విమానం ముక్కు మీద బోర్లా పడుతుంది. కోతలయ్యాక జనవరిలో అవే పొలాలు గట్టిపడతాయి, అప్పుడు గట్లను చూసుకుని వాటికి సమాంతరంగా దిగాలి. సరుగుడు తోటలు పైనుంచి మెత్తగా తోస్తాయి, అది భ్రమ. సముద్రపు ఒడ్డున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పొడి ఇసుక చక్రాన్ని పట్టేస్తుంది. పైగా పగటిపూట సముద్రపు గాలి ఒడ్డుకు అడ్డంగా వీస్తుంది కనుక దిగేటప్పుడు పక్కగాలిని కాచుకోవాలి. ఒడ్డున పడవలు, ఎండబెట్టిన వలలు, మనుషులు ఉంటారని వేరే చెప్పనక్కర లేదు. గాలి ఎంత ఉందో తెలుసుకోవడానికి సముద్రమే కొలతబద్ద: అలల తలల మీద అక్కడక్కడా తెల్ల నురగ కనిపిస్తే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు, నురగ ఎటు చూసినా తరచుగా కనిపిస్తే 20 దాటినట్టు.

ఇంజన్ దగ్గరికి వస్తే, బయలుదేరే ముందు గంట మొత్తం ప్రయాణంలోకెల్లా విలువైనది. తెల్లవారుజామున రెక్క మీద మంచు బొట్లు నిండి ఉంటాయి. తడిసిన రెక్క త్వరగా స్టాల్ అవుతుంది, అంటే విమానాన్ని పైకి ఎత్తి ఉంచే శక్తిని కోల్పోతుంది కనుక మెత్తని గుడ్డతో కొస నుంచి కొస దాకా తుడవాలి. ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పి ఒక గాజు సీసాలోకి కొద్దిగా పెట్రోలు పట్టి, టార్చి వెలుతురులో ఎత్తి చూడాలి. నీరు ఉంటే సీసా అడుగున పూసలా నిలుస్తుంది, సీసాను వంచితే ఆ పూస దొర్లుతుంది. ఆ పూస ఒక్కటి కార్బురేటర్‌లో చేరినా ఇంజన్ ఆగుతుంది.

ఇథనాల్ వచ్చాక ఈ పరీక్షకు కొత్త చిక్కు వచ్చిపడింది. 2025 నాటికి దేశంలోని బంకుల్లో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఈ విమానాల్లో ఎక్కువగా వాడే రోటాక్స్ 912 రకం ఇంజన్లకు తయారీదారు అనుమతించేది 10 శాతం వరకే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పరిమితి దాటాక నీరు, ఇథనాల్ కలిసి అడుగుకు విడిపోతాయి, అంతవరకు సీసాలో ఏమీ కనిపించకపోవచ్చు. విశాఖ వంటి ఉప్పుగాలి, తేమ ఉన్న ఊళ్ళో వారం రోజులు నిల్వ ఉన్న పెట్రోలును నమ్మడం మంచిది కాదు. లీటరుకు వచ్చే శక్తి కూడా తగ్గుతుంది: ఆరేడు శాతం తగ్గిందనుకున్నా మూడు గంటల ట్యాంకులో పది, పన్నెండు నిమిషాలు పోయినట్టే. సీసం కలిసిన విమాన ఇంధనం వాడవచ్చు, అప్పుడు నూనె మార్చే గడువు తగ్గించుకోవాలి. ఏదైనా బంకులో డబ్బా నింపుకుని పోదామనే పాత వెసులుబాటు మాత్రం ఇక లేదు.

అనుమతుల విషయం దాటవేయలేనిది. ప్రతి ప్రయాణానికి వాయురక్షణ అనుమతి సంఖ్య, ఫ్లైట్ ప్లాన్ నమోదు కావాలి. నౌకాదళ స్థావరం, రేవు, ఉక్కు కర్మాగారం ఒకేచోట ఉన్న విశాఖలో ఈ కట్టుబాటు మరింత కఠినంగా ఉండడం సహజమే. రక్షణ అవసరాన్ని తక్కువ చేసి మాట్లాడడం సరికాదు. అయినా భీమిలి దాటాక తీరం వెంబడి, ఉదయం రెండు గంటల పాటు, నిర్ణీత ఎత్తులో ఒక దారిని తేలిక విమానాలకు కేటాయించి, శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న గడ్డి రన్‌వే ఏర్పాటు చేస్తే, ఉత్తరాంధ్ర యువతకు ఈ విద్య అందుబాటులోకి వస్తుంది. ఇందుకు అయ్యే ఖర్చు పెద్ద విమానాశ్రయపు ఖర్చులో లెక్కకు రానంత చిన్నది.

ఇక మళ్ళీ రాజమహేంద్రవరం దారికి. ఎదురుగాలి ఎంత ఉంటుందో బయలుదేరక ముందు చెప్పే అంచనా అంచనాయే; గాలి నిజంగా ఎంతో గడియారం చెబుతుంది. దారిలో ఎలమంచిలి 42 కిలోమీటర్ల దగ్గర, తుని సుమారు 80 దగ్గర, అంటే సరిగ్గా సగం దారిలో వస్తాయి. రెండుంబావు గంటల పరిమితిని దూరానికి పంచితే ఎలమంచిలిని 35 నిమిషాల లోపు, తునిని 67 నిమిషాల లోపు దాటాలి. ఈ రెండు అంకెలను బయలుదేరే ముందే పెన్సిలుతో మోకాలి మీది కాగితంపై రాసుకోవాలి, ఎందుకంటే గాల్లో అలసట, ఇంజన్ హోరు, ముందున్న ఊరు దగ్గరే కదా అన్న ఆశ కలిసి లెక్కను వంచుతాయి. తుని రైలు స్టేషను, దాని పక్కన తాండవ నది కిందికి వచ్చేసరికి 70 నిమిషాలు అయ్యాయనుకుందాం. ముందుకు పోతే మరో 70, మొత్తం 140. పరిమితి ఐదు నిమిషాలు మీరుతుంది. ఐదు నిమిషాలే కదా అనిపిస్తుంది, కానీ పొద్దెక్కే కొద్దీ గాలి పెరుగుతుంది తప్ప తగ్గదు. అక్కడే తిప్పితే ఇప్పటిదాకా ముఖాన కొట్టిన గాలి వీపున పడుతుంది, నేల మీద వేగం 110 దాటుతుంది, విశాఖ 43 నిమిషాల్లో వస్తుంది, నిల్వ ఇంధనం చుక్క కూడా ముట్టకుండా చక్రాలు రన్‌వేను తాకుతాయి.